ఒకే కార్డు, రెండు ఒళ్ళు

టార్చక్కకి ఆ పేరు పెట్టింది కిరాణా కొట్టాయన. పట్టపగలు, వీధంతా ఎండ కాస్తూ ఉండగా, ఆవిడ సంచిలోంచి టార్చిలైటు తీసి కొట్లో పప్పు డబ్బా అడుగుకి వెలుగు కొట్టి చూసింది. "పురుగులుంటే పైనే కనపడతాయి కదక్కా" అన్నాడాయన నొచ్చుకుంటూ. "పైకొచ్చి కనపడేవి తెలివితక్కువ పురుగులు. నేను చూసేది తెలివైనవాటి కోసం" అందావిడ. ఆ పూటతో అసలు పేరు మరుగునపడి టార్చక్క అనే పేరు స్థిరపడిపోయింది.

పాలు కాచే ముందు ఒకసారి, కాచాక ఒకసారి వాసన చూస్తుంది. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఆ తాళాన్ని లాగి చూసి మళ్ళీ బయల్దేరుతుంది. డాక్టరు మందు రాస్తే అది మంచిదేనా అని మందుల షాపులో అడుగుతుంది. షాపువాడు చెప్పింది నిజమేనా అని పక్కింటి నర్సునడుగుతుంది. ఆ నర్సు నిజంగా నర్సేనా అని ఆవిడ పనిచేసే ఆసుపత్రికి వెళ్ళి ఆరా తీసిన రోజు కూడా ఉంది. భర్త వ్యాను డ్రైవరు, సరదా మనిషి. "పెళ్ళికి ముందు ఇది నా పళ్ళు కూడా లెక్కపెట్టి ఉంటుంది" అని నలుగురిలో అని నవ్విస్తాడు. ఆవిడ మాత్రం నవ్వదు. లెక్కపెట్టిన మాట నిజమే మరి.

ఇలా అందరి గుట్టూ లాగే మనిషికి సొంతంగా ఒక గుట్టు ఉంది. అది ఆవిడ మెడలోనే వేలాడుతూ ఉంటుంది. అద్దాల ఆఫీసు వాళ్ళిచ్చిన కార్డు.

ఆ ఆఫీసులో నాలుగో అంతస్తు పని ఆవిడది. బల్లలు తుడవడం, మీటింగు గదుల్లో నీళ్ళ సీసాలు సర్దడం, తెల్లబోర్డుల మీద రాతలు చెరపడం, టీ గదిలో మెషిన్ కడిగి పాలూ పొడీ నింపడం, సాయంత్రం నేలంతా మాప్ పెట్టడం. ఉద్యోగం టార్చక్క పేరుమీదే ఉంది. కానీ చేసేది ఆవిడొక్కతే కాదు. సోమ, బుధ, శుక్రవారాలు ఆవిడ వెళ్తుంది. మంగళ, గురు, శనివారాలు అదే కార్డు మెడలో వేసుకుని ఆవిడ తోటికోడలు వెళ్తుంది.

ఎందుకలా అంటే, ఇంట్లో అత్తగారు మంచం మీద ఉంది. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి, ఎవరో ఒకరు పక్కన లేకపోతే మంచినీళ్ళు కూడా అందుకోలేదు. నోరు మాత్రం జారిపడలేదు, అది దివ్యంగా ఉంది. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే పనుల్లోకి పోతారు. ఆరు రోజులూ పనికి వెళ్ళడం ఏ కోడలి వల్లా కాదు. ఆరు రోజులూ అత్తగారి నోటికి ఎదురుగా కూర్చోవడం అంతకన్నా కాదు. అందుకని ఒకరు ఆఫీసు, ఒకరు అత్త అని రోజులు పంచుకున్నారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు. ఆఫీసులో నీలం కోటు, తలకి టోపీ, మూతికి మాస్కు. కార్డు మీద ఫోటో తీసినప్పుడు దీపం నుదుటి మీద పడి సగం మొహం తెల్లగా ఎగిరిపోయింది. ఆ ఫోటో టార్చక్కదంటే టార్చక్కదే, తోటికోడలిదంటే తోటికోడలిదే. అంతస్తులో వాళ్ళు నీలం కోటుని చూసి "అక్కా" అంటారు. కోటు లోపల ఏ అక్క ఉందో ఎవరికీ పట్టలేదు.

పోలిక ఎత్తు దగ్గరే ఆగిపోయింది. టార్చక్కది చలి ఒళ్ళు. ఫ్యాను కాస్త జోరుగా తిరిగితే చాలు, శాలువా వెతుక్కుంటుంది. తోటికోడలు దానికి పూర్తిగా తిరగబడ్డ మనిషి. అందరూ దుప్పట్లు లాక్కునే వేళ కిటికీ తెరుచుకుని పడుకుంటుంది. "దీని ఒంట్లో పొయ్యి ఉందే" అంటుంది అత్తగారు. ఒళ్ళు ఎలా ఉంటే ఏం, నేల తుడవడానికి ఒంటితో పనేముంది అనుకున్నారు ఇన్నాళ్ళూ.

ఆ పని కాస్తా ఏజెంట్లతో వచ్చిపడింది.

ఒక సోమవారం సూపర్వైజరు అందర్నీ టీ గదిలోకి పిలిచాడు. ఈయన ఏ గదిలోకి వెళ్ళినా ముందు గుమ్మం బయట నిలబడి గట్టిగా ఒక దగ్గు దగ్గుతాడు. అందుకే ఆయన్ని చాటుగా దగ్గాయన అంటారు. ఆ రోజు ఆయన వెంట ఒక ఇంజనీరమ్మాయి ఉంది. గోడకి అరచేతంత అద్దం పలక బిగించింది. దాని మీద నీలం బొత్తాం ఒకటి, ఎర్ర బొత్తాం ఒకటి. చలిగా ఉంటే నీలం, ఉక్కగా ఉంటే ఎరుపు.

"ఇకనుంచి ఏసీ రిమోట్లు ఉండవండి" అంది ఆ అమ్మాయి. "ప్రతి గదికీ ఒక ఏజెంటు ఉంటుంది. ఏజెంటంటే మనిషి కాదు, కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాం. అలాగే మీ ప్రతి కార్డుకీ ఒక ఏజెంటు. మొత్తం బిల్డింగు కరెంటు చూసుకునేది ఇంకొకటి. మీరు చలి అని నొక్కితే మీ ఏజెంటు వెళ్ళి గది ఏజెంటుతో చెప్తుంది. గది ఏజెంటు కరెంటు ఏజెంటునడుగుతుంది. అవన్నీ బేరమాడుకుని ఒక మాటకొస్తాయి. మీకు సుఖం, బిల్డింగుకి కరెంటు ఆదా."

టార్చక్క చెయ్యెత్తింది. "అంటే ఇల్లు అద్దెకి చూపించే బ్రోకర్ల లాంటివా?"

"దాదాపు అంతేనండి."

"బ్రోకరు అటూ తింటాడు, ఇటూ తింటాడు. ఇవి ఎవరి దగ్గర తింటాయి?"

"ఇవేమీ తినవండి."

"ఏమీ తినకుండా నా చలి గురించి అంత కష్టపడుతుందా? మా ఆయనే పడడమ్మా."

అందరూ ఘొల్లున నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. "దానికి మీ గురించి ఇంకేమీ అక్కర్లేదండి. మీ ఒంటి తీరు నేర్చుకుంటుందంతే. కొన్నాళ్ళకి మీరు బొత్తాం నొక్కకపోయినా, మీ కార్డు గదిలోకి రాగానే మీకు నచ్చినట్టు సర్దేస్తుంది. ఒక్కో మనిషి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది కదా!"

అందరూ నవ్వుతూనే ఉన్నారు. టార్చక్క నవ్వు మాత్రం మాస్కు వెనకే చల్లారిపోయింది. చెయ్యి తనంతట తనే వెళ్ళి మెడలో కార్డుని గుప్పిట్లో దాచింది.

అందరూ వెళ్ళాక ఆవిడ సంచిలోంచి టార్చి తీసి ఆ పలక వెనక సందులోకి కొట్టి చూసింది. రెండు సన్నని తీగలు గోడలోకి పోతున్నాయి, అంతే. వినే రంధ్రం గాని, చూసే కన్ను గాని దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకాస్త పెరిగింది. ఆరవేసే నెపంతో టీ గుడ్డ తెచ్చి దాని మీద కప్పింది.

ఇంటికి వెళ్ళి తోటికోడలితో చెప్పింది గాని, ఆవిడ చెప్పే తీరు ఎప్పుడూ సగమే. "గోడకి ఏదో పలక పెట్టారు. దాంతో జాగ్రత్తగా ఉండు."

"జాగ్రత్త అంటే ఏంటక్కా? కరిచేదా?"

"కరిచేదైతే భయం లేదే. నేర్చుకునేదట."

ఒకటి రెండు వారాలు బాగానే గడిచాయి. అసలు అలా బాగా గడవడమే టార్చక్కకి మింగుడుపడలేదు. ఆ అంతస్తులో లెక్కలు చూసే పెద్దాయన చలికి ముడుచుకుపోతాడు. ప్రకటనలు చూసే ఆవిడకి ఎప్పుడూ ఒళ్ళు మండిపోతూ ఉంటుంది. ఇద్దరూ పక్కపక్క బల్లలవాళ్ళు. ఏసీ రిమోట్ కోసం వాళ్ళు పడ్డ గొడవలు మూడో అంతస్తు దాకా వినిపించేవి. ఒకసారి పెద్దాయన రిమోట్‌ని భోజనం డబ్బాలో దాచాడు కూడా. అలాంటివాళ్ళు ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని బిస్కట్లు పంచుకుంటున్నారు. ఏజెంట్లు ఆయన నెత్తిమీది గాలి మూసి, ఆవిడ నెత్తిమీది గాలి తెరిచాయట. ఇద్దరు మనుషులు ఇంత చప్పున దెబ్బలాట మానేశారంటే, ఇద్దరి లోగుట్టూ తెలిసినవాళ్ళెవరో మధ్యలో కూర్చున్నట్టే కదా అనుకుంది టార్చక్క.

ఒక శుక్రవారం ఆవిడ టీ గదిలో అడుగు పెట్టేసరికి గది అప్పటికే వణికించేస్తోంది. వెళ్ళి నీలం బొత్తాం నొక్కింది. పలక మీద అక్షరాలు వెలిగాయి. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఈ రోజు మీ ఇష్టం నిన్నటికి తిరగబడింది. నిన్నటిలాగే ఉంచమంటారా?"

నిన్న వచ్చింది తోటికోడలు. నిన్నటిలాగే ఉంచమంటారా అని అడుగుతోందంటే, నిన్నటి మనిషే అసలు మనిషి అని ఇది నమ్మిందన్నమాట. మరి ఈ రోజు మనిషి ఎవరని అడుగుతోందన్నమాట! మర్యాదగా అడిగే పోలీసుని చూస్తే కలిగే భయం ఆ పలకని చూస్తే కలిగింది. పేరు ఎవరిదైతేనేం, ఒళ్ళు పట్టుబడింది. ఒళ్ళు పట్టుబడితే కార్డు పోతుంది, కార్డు పోతే ఉద్యోగం పోతుంది. ఇద్దరు మనుషులు చేసే ఒక్క ఉద్యోగం, రెండు కాపురాలు లాక్కొస్తున్న ఉద్యోగం.

ఆవిడ వెంటనే నిర్ణయానికి వచ్చేసింది. ఉక్క మనిషే కావాలా? అలాగే. ఎర్ర బొత్తాం నొక్కింది.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే తోటికోడలు భయపడి వాళ్ళాయనకి చెప్తుంది. మరిది కడుపులో మాట నిలవదు, వీధి చివర టైర్ల షాపు దాకా పాకుతుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది తనకి తాను కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. నిన్న ఆ పలక దగ్గర చిన్నది ఏం నొక్కింది? ఏం చెప్పింది? కావాలనే చెప్పిందా?

ఆ తర్వాత టార్చక్క రోజులు మంచుగడ్డలో గడిచాయి. తన రోజున రాగానే ఎర్ర బొత్తాం నొక్కడం, వేళ్ళు కొంకర్లు పోతుంటే కప్పులు కడగడం. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఎవరైనా వచ్చిన చప్పుడు కాగానే కోటు చేతులు పైకి మడిచి, అట్టముక్కతో విసురుకోవడం. "అబ్బ, ఏం ఉక్క!" అనేది, నీలం తిరిగిన పెదాలతో. ప్రకటనలావిడ మాత్రం మహా సంతోషించింది. "అక్కా, ఇవాళ మీ టీ గది ఎంత హాయిగా ఉందో!" అని తన కుర్చీ కూడా అక్కడికే తెచ్చుకుంది. ముక్కు కారి, గొంతు పూడి, రాత్రిళ్ళు వేడినీళ్ళ ఆవిరి పట్టుకుంటూ కూడా టార్చక్క ఇంట్లో వాళ్ళతో, "దుమ్ము పడలేదు" అని సరిపెట్టింది.

అదే సమయంలో తోటికోడలి తీరు మారింది. అది టార్చక్క కంట పడకుండా పోతుందా? పని నుంచి రాగానే చెంబులకి చెంబులు నీళ్ళు తాగేస్తోంది. లోపలి చొక్కా ఏ రోజుకారోజు ఉతికి ఆరేస్తోంది. వీపంతా చెమటపొక్కులు. ఆఫీసుకి తీసుకెళ్ళే సంచి ఇంతకుముందు గుమ్మంలో పడేసేది, ఇప్పుడు మూతి బిగించి మంచం కిందకి తోస్తోంది.

"ఆఫీసులో ఎలా ఉందే?" అంది టార్చక్క.

"బాగానే ఉందక్కా."

"పలక ఏమన్నా అందా?"

"ఏమంటుంది? గోడకున్న పలక" అని తోటికోడలు మొహం తిప్పుకుంది.

మంచం మీంచి అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమే, ఇద్దరూ ఆ మొహాలేంటి? నేను పోయానని ఎవరన్నా చెప్పారా? ఇంకా ఉన్నానే, అన్నం పెట్టండి."

అంతలో మరో సోమవారం వచ్చింది. టార్చక్క అట్టముక్కతో విసురుకుంటూ వణుకుతూ ఉండగా గుమ్మం బయట దగ్గు వినిపించింది. దగ్గాయన, ఆయన వెనక చేతిలో కంప్యూటరుతో ఇంజనీరమ్మాయి.

"అమ్మా, మీ కార్డుతో నాకో చిక్కొచ్చిందండి" అంది ఆ అమ్మాయి. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర లేనట్టుంది. "బిల్డింగు మొత్తంలో అందరి ఏజెంట్లూ కుదురుకున్నాయి. మీదొక్కటే కుదరడం లేదు. నిజం చెప్పండి, మీకు చలెక్కువా, ఉక్కెక్కువా?"

"ఉక్కమ్మా, ఉక్క. చచ్చేంత ఉక్క" అని టార్చక్క ఒక పెద్ద తుమ్ము తుమ్మింది.

ఆ అమ్మాయి ఆవిడ చేతి మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకల వంక చూసింది. "మొదట్లో మీకు సోమవారం చలి, మంగళవారం ఉక్క ఉండేది. అదే వింత అనుకుంటే, ఇప్పుడు సోమవారం ఉక్క, మంగళవారం చలి! మొత్తం తలకిందులైంది. ప్రోగ్రాందే తప్పయితే నేను సరిచేయాలి. కాకపోతే కార్డు నంబరు రాసి పైవాళ్ళకి పంపాలి, వాళ్ళు గేటు కెమేరాలు చూస్తారు. రేపు కూడా వచ్చి చూసి, అప్పుడు రాస్తానండి."

టార్చక్కకి గేటు కెమేరాలు వినపడ్డాయి, కానీ వాటికన్నా ముందు వేరే మాట చెవిలో గుచ్చుకుంది. మంగళవారం చలా? మంగళవారం వెళ్ళేది చిన్నది. దానికి పుట్టాక చలేసిన పాపాన పోలేదు. అది చలి అని ఎందుకు నొక్కినట్టు?

దారంతా ఆవిడ బుర్రలో అదే రొద. తనలా నటిస్తోందన్నమాట. కార్డు మీద పేరు టార్చక్కది, ఫోటోలో మొహం ఎవరిదైనా కావచ్చు, ఇక ఒళ్ళు కూడా టార్చక్కదే అనిపిస్తే ఇంకేం కావాలి? పెద్దదాన్ని ఇంట్లో కూర్చోబెట్టి ఆరు రోజులూ తనే వెళ్ళొచ్చు. అమ్మ చిన్నదానా! జ్వరమొస్తే నా చేత్తో గంజి తాగించాను కదే నీకు!

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా మంచం కిందకి దూరింది. అత్తగారు మీద పడుకుని ఉంది. టార్చి వెలిగించి, సంచి బయటికి లాగి మూతి ముడి విప్పింది. లోపల ఒక స్వెటర్. మరిదిది, గోధుమరంగుది, మోచేతుల దగ్గర అతుకులున్నది. చెమట మరకలు కట్టి, పుల్లటి వాసన కొడుతోంది.

వంటగదిలోంచి వచ్చిన తోటికోడలు అక్కడే నిలబడిపోయింది.

"ఇదేంటే?" అంది టార్చక్క. గొంతు పూడిపోయి మాట గరగరలాడింది. "మంచులో పడుకోబెట్టినా దుప్పటి తన్నేసేదానివి. నీకు స్వెటరెందుకు? నా కార్డు మింగావు సరే, నా చలి కూడా మింగుదామనుకున్నావా?"

"అక్కా, ఏంటా మాటలు?" తోటికోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఒక గురువారం ఆ పలక నన్ను అడిగింది. నిన్నటికి తిరగబడ్డావు, నిన్నటిలా ఉంచమంటావా అని. నిన్న వచ్చింది నువ్వు. పేరు నీది. అసలు మనిషివి నువ్వే అని అది కనిపెట్టేసిందనుకున్నా. నా వల్ల నీ ఉద్యోగం పోతుందేమోనని, నీలా ఉందామని శనివారం నుంచి చలి నొక్కాను. గది కుంపటైపోయేది. అంత చెమట కక్కుతూ చలి అంటే చూసినవాళ్ళకి అనుమానం రాదా? అందుకని పైన స్వెటర్ వేసుకున్నా."

టార్చక్క నోరు తెరిచింది. తుమ్మొచ్చింది.

"నీకీ జలుబెక్కడిదక్కా?" అంది తోటికోడలు అనుమానంగా. ఆ ఇంట్లో అనుమానం ఒక్క మనిషి సొత్తేమీ కాదు.

"నేను... నేను ఉక్క నొక్కాను. నీలా."

మంచం మీద అత్తగారు మోచెయ్యి ఆనించి లేవబోయింది. "ఉండండి, నాకు సరిగ్గా చెప్పండి. దీనిలా అది, దానిలా ఇది నటించారా? ఇద్దరూ ఒకేసారి? ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకుండా?" ఇద్దరూ తల దించుకున్నారు. "ఓసి మీ మొహాలు మండ! ఒక్కళ్ళు నటించి ఉంటే దాటిపోయేవాళ్ళు కదే!" అని నవ్వడం మొదలెట్టింది. నవ్వితే తుంటి కలుక్కుమంటుంది. "అబ్బా" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. చివరికి తోటికోడళ్ళిద్దరూ ఆవిడని చెరో వైపు పట్టుకుని తామూ నవ్వేశారు. అప్పుడే టార్చక్కకి గేటు కెమేరాలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

రాత్రి అన్నదమ్ములకి కూడా చెప్పక తప్పలేదు. మరిది, "పని మానేసి మాయమైపోండి" అన్నాడు. భర్త, "రేపు కూడా నువ్వే వెళ్ళి ఒకటే మాట మీద ఉండు" అన్నాడు. టార్చక్క ఎవరి మాటా వినలేదు. ఆవిడని తొలుస్తున్నది ఆ అమ్మాయి మొహం. కార్డు నంబరు రాసి ఎప్పుడో పంపేయొచ్చు కదా. ఎందుకు వచ్చి అడిగింది? మంచితనమా, ఎరా? ఇన్నేళ్ళలో టార్చక్క ఎవర్నీ ఊరికే నమ్మలేదు. ఇప్పుడు ఎవరో ఒకర్ని నమ్మకపోతే దారి లేదు. అది ఆవిడకి చలికన్నా ఎక్కువ వణుకు తెప్పించింది.

మంగళవారం, తోటికోడలి రోజున, టార్చక్కే వెళ్ళింది. శాలువా కప్పుకుని మరీ వెళ్ళింది. దగ్గు వినపడింది. ఇద్దరూ లోపలికొచ్చారు.

"అమ్మాయీ, రాసే ముందు నాకొకటి చెప్పు. ఈ ఏజెంటు ఎవరి తరఫు?"

"చెప్పాను కదండీ, కార్డు ఎవరిదైతే వాళ్ళ తరఫు."

"మరి కార్డు ఇద్దరిదైతే?"

టీ మెషిన్ బుడబుడమంటోంది. ఆ అమ్మాయి కంప్యూటరు వంక చూసింది, టార్చక్క శాలువా వంక చూసింది. చూస్తుండగానే మొహం విప్పారింది. "ఇద్దరా! అయ్యో, అయితే నా ప్రోగ్రాం సరిగ్గానే ఉంది!" అంది ముందు. ఆ తర్వాతగాని తను అన్నదేంటో అర్థమై నోటి మీద చెయ్యి వేసుకుని సూపర్వైజరు వైపు తిరిగింది.

ఆయన పైకప్పు వంక చూస్తున్నాడు.

"మీరు వినలేదా?" అంది టార్చక్క.

"విన్నానమ్మా. వినడమేంటి, ఎప్పటి నుంచో తెలుసు. మాప్ కర్ర ఒకరోజు తలుపుకి కుడివైపు ఆనించి ఉంటుంది, మర్నాడు ఎడమవైపు."

చిన్నది ఎడమచేతి వాటం. ఆ సంగతి గుర్తుకే రాలేదు. "తెలిసి ఎందుకూరుకున్నారు?" అంది టార్చక్క. గండం గట్టెక్కుతోందన్న సంతోషం కన్నా ముందు ఆవిడకి ఈ అనుమానమే వచ్చింది.

"రెండు రోజులూ నేల శుభ్రంగానే ఉండేది కాబట్టి. అసలు నేనెందుకు దగ్గుతాననుకున్నారు? ఎవర్నీ దేంట్లోనూ పట్టుకోవడం నాకిష్టం లేదు. పట్టుకుంటే రాయాలి." ఆయన నిట్టూర్చాడు. "ఒక పోస్టుని ఇద్దరు సగం సగం చేయొచ్చమ్మా. రెండు కార్డులిస్తారు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు ఒక్కరేనని చెప్పారు. ఒక్క మనిషికి రెండు కార్డులు ఎలా ఇప్పించను?"

ఆయన వేలు చూపించాడు. "కానీ ఒకటే మాట. ఇకమీదట ఎవరి రోజున వాళ్ళే, ఎవరి కార్డు మీద వాళ్ళే. ఒకరి కార్డు మీద ఇంకొకరి ఒళ్ళు వచ్చిందంటే ఈ ఏజెంటు పట్టేస్తుంది, ఇద్దరి పనీ పోతుంది. అప్పుడు నేనెంత దగ్గినా లాభం లేదు."

రెండు కార్డులొచ్చాయి. ఈసారి ఫోటోలు నుదుటి నుంచి గడ్డం దాకా స్పష్టంగా ఉన్నాయి. టార్చక్క వచ్చిన రోజు టీ గది వెచ్చగా ఉంటుంది, తోటికోడలు వెళ్ళిన రోజు చల్లగా ఉంటుంది. జలుబు తగ్గింది, చెమటపొక్కులు మానాయి. ప్రకటనలావిడ తన కుర్చీ రోజు మార్చి రోజు తెచ్చుకుంటోంది. అంతా సవ్యంగా ఉంది. టార్చక్క మాత్రం ఆ పలక ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ ఒకసారి ఆగి, "చూస్తున్నా" అన్నట్టు దానికేసి చూసి మరీ వెళ్తుంది.

ఒక బుధవారం పొద్దున అత్తగారికి జ్వరం కాసింది. ఒళ్ళు తెలియని మాటలు. పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది, వదలదు. చిన్నది వచ్చి కూర్చుంటే, "నువ్వు కాదు, అది" అని కసురుతోంది. బుధవారం టార్చక్క రోజు. మానేస్తే బదులు మనిషిని పంపుతారు. వచ్చిన బదులు మనిషి తిరిగి పోతుందని ఏంటి నమ్మకం?

టార్చక్క కాసేపు ఆలోచించింది. పట్టుకున్న చేతిని వదిలించుకోకుండానే రెండో చేత్తో మెడలోంచి తన కార్డు తీసి తోటికోడలికి ఇచ్చింది.

"అక్కా, వద్దని చెప్పారు కదా! అది పట్టేస్తుంది."

"ఉక్క నొక్కితే పట్టేస్తుంది. నువ్వు చలి నొక్కు. ఈసారి ఇక్కడ నేనేమీ నటించను, నువ్వొక్కదానివే. ఆ గోధుమరంగు స్వెటర్ తీసుకో. మాస్కు దించకు. మాప్ కర్ర కుడివైపు పెట్టు."

తోటికోడలు స్వెటర్ వంక దీనంగా చూసింది. "ఉడికిపోతానక్కా."

"మధ్యమధ్యలో మెట్ల దగ్గరికి పోయి నిలబడు, అక్కడ పలక లేదు. బొత్తాం నొక్కేటప్పుడు భుజాలు కాస్త ముడుచుకో."

"అది చూడదటక్కా. ఆ అమ్మాయి చెప్పింది."

"చూడదని చెప్పిందెవరు? పెట్టినవాళ్ళే కదా!"

తోటికోడలు స్వెటర్ తొడుక్కుని మెట్లు దిగింది. టార్చక్క అత్తగారి చెయ్యి వదలకుండానే మెడ సాచి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వీధిలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. జనమంతా పల్చటి బట్టల్లో పోతుంటే, ఆ గోధుమరంగు స్వెటర్ ఒక్కటే నడుచుకుంటూ మలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. చెయ్యి మెడ దగ్గరి బొత్తాం మీదికి పోయింది. ఒకటి ఊడదీసింది కూడా. అంతలో ఏమనిపించిందో వెనక్కి తిరిగి కిటికీ కేసి చూసింది.

చూసి, ఆ బొత్తాం మళ్ళీ పెట్టుకుని, భుజాలు ముడుచుకుని మలుపు తిరిగింది.